చెరువు పార్కు డిజైన్ చేసేది ఎలా: పిట్టలకి, పరిశోధనకి, వాకింగ్‌కి ఒకే గట్టు

"మా కాలనీ చెరువుని పార్కుగా చేయాలనుకుంటున్నాం, డ్రాయింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లలో కాలనీ సంఘాలవాళ్లు ఉన్నారు, మున్సిపల్ ఇంజినీర్లు ఉన్నారు, థీసిస్ టెన్షన్‌లో ఉన్న ఆర్కిటెక్చర్ విద్యార్థులూ ఉన్నారు. విడివిడిగా జవాబులు రాసి రాసి, చివరికి అంతా ఒకచోట పెడుతున్నాను. 5 నుంచి 50 ఎకరాల పట్టణ చెరువుని మనసులో పెట్టుకుని రాసింది ఇది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. మన చెరువు పళ్లెంలాంటిది. కట్ట దగ్గర లోతుగా ఉంటుంది. ఎగువకి పోయేకొద్దీ లోతు తగ్గి, శిఖంలో, అంటే నీళ్లు ఎక్కి దిగే ఎగువ నేలలో, చీలమండ మునిగేంత నీరే ఉంటుంది. పిట్టలు మేసేదీ, చేపలు గుడ్లు పెట్టేదీ, వచ్చే నీళ్లు కొంత వడకట్టుకునేదీ ఆ పలచటి నీళ్లలోనే. సుందరీకరణ పేరుతో చుట్టూ కట్ట పోసి, చుట్టూ రాయి పేర్చి, చుట్టూ ట్రాక్ వేస్తే పళ్లెం కాస్తా బకెట్ అవుతుంది. కింద చెప్పిన పనులన్నీ పళ్లేన్ని పళ్లెంగా ఉంచడానికే.

1. కాగితాలు ముందు, పెన్సిల్ తర్వాత

డిజైన్ ఫీజు గురించి మాట్లాడేలోపే ఇవి చేతికి రావాలి:

☐ నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించిన ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) మ్యాప్
☐ గ్రామ నక్ష, సర్వే నంబర్లు, శిఖంలో పట్టా భూములుంటే వాటి వివరాలు
☐ తూము కింద ఆయకట్టు (చెరువు నీళ్లతో సాగయ్యే భూమి) ఇంకా ఉందా, లేదా అన్నది
☐ మత్స్యకార సంఘానికి చేపల హక్కు ఉందేమో
☐ గుడి, దర్గా, శ్మశానం, చాకిరేవు, బతుకమ్మలు వదిలే చోటు ఎక్కడెక్కడ ఉన్నాయో

బఫర్, అంటే చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ, దాని సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, సన్నదానికి 2 మీటర్లు. మీ చెరువుకి ఇప్పుడు ఏ నిబంధన వర్తిస్తుందో టౌన్ ప్లానింగ్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట నమ్మొద్దు.

మీ చెరువు చిత్తడి నేలగా నోటిఫై అయి ఉంటే 2017 నాటి కేంద్ర నిబంధనలు కూడా వస్తాయి. ఆ నిబంధనలు అమల్లోకి వచ్చేనాటికి గత పదేళ్లలో నమోదైన సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల జెట్టీ తప్ప శాశ్వత కట్టడం కుదరదు. తాగునీటికో, సాగుకో మనుషులు ప్రత్యేకంగా కట్టుకున్న చెరువులు ఆ నిబంధనల కిందకి రావు. అలాగని అక్కడ ఏదైనా కట్టుకోవచ్చని కాదు, మిగతా చట్టాలు ఎలాగూ ఉన్నాయి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను. ఒక ఊళ్లో అలుగుని (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎవరో రెండడుగులు పగలగొట్టి ఉంచారు. సర్వే చేసినవాళ్లు అప్పటి నీటి అంచునే ఎఫ్‌టీఎల్ అని గుర్తించారు, నేనూ నమ్మేశాను. మరుసటేడు అలుగు బాగుచేశారు. వానలు పడ్డాక చూస్తే మా టాయిలెట్ బ్లాక్ పునాది నీళ్లలో ఉంది. అందుకే ఎఫ్‌టీఎల్ అంటే అలుగు అసలు మట్టం అని గుర్తుపెట్టుకోండి. పాత రికార్డులో ఉన్న మట్టాన్ని, కళ్లముందున్న అలుగుని సరిపోల్చి చూడండి.

2. నేల కొలత: ఎండలో ఒకసారి, వానలో ఒకసారి

నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లం ఎక్కడుందో కాగితం మీద చూపించేది కాంటూర్ మ్యాప్. చెరువు దాదాపు ఎండిపోయే మే నెలలో కాంటూర్ సర్వే చేయించండి. మామూలు సైట్లకి అరమీటరు ఎత్తుకో కాంటూర్ గీత చాలు కానీ శిఖంలో 25 సెంటీమీటర్లకో గీత ఉండాలి. అక్కడ జానెడు తేడా వస్తే ఎకరాల కొద్దీ నీళ్లు కదులుతాయి.

చెరువు ఎండకపోతే తెప్ప మీద వెళ్లి, గుర్తులు పెట్టిన వెదురు గడతో 20 మీటర్లకి ఒకచోట లోతు కొలవండి. పక్కనే బురద ఎంత మందం ఉందో కూడా రాసుకోండి. ఆ అంకె పూడికతీతకి పనికొస్తుంది.

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అక్టోబర్ చిత్రం, మే చిత్రం పక్కపక్కన పెట్టి రెండు నీటి అంచుల్నీ మీ మ్యాప్ మీద గీయండి. ఆ రెండు గీతల మధ్య ఉన్న నేలే మీ డిజైన్‌లో అత్యంత విలువైన చోటు. చాలా ప్లాన్లలో దాన్ని "ఖాళీ స్థలం" అని రాసి పార్కింగ్ పెట్టేస్తారు.

తర్వాత ప్రతి నాలా వెంటా ఎగువకి కాలినడకన వెళ్లండి. వానపడి మూడు వారాలైనా నాలాలో నీళ్లు పారుతున్నాయంటే అది చాలావరకు మురుగే. ఊరంతా స్నానాలు చేసే వేళ, ఉదయం 7 నుంచి 9 మధ్య చూస్తే ఎంత వస్తోందో తెలుస్తుంది.

3. ఏడాదిపాటు లెక్క

"ఏడాదా! ఫండ్స్ మార్చిలో వెనక్కి పోతాయి" అంటారు. ఏడాది కుదరకపోతే కనీసం జులై నుంచి ఫిబ్రవరి వరకైనా చూడండి. అందులో వానాకాలం, వలస పక్షులొచ్చే చలికాలం రెండూ ఉంటాయి. వేసవిలో ఒక్క రోజు వెళ్లి రాసిన జీవవైవిధ్య నివేదికలో కుక్కలు, గేదెలు, పిచ్చుకలు తప్ప ఏమీ ఉండవు.

పక్షులు. ఒడ్డున 5 లేదా 6 చోట్లు నిర్ణయించుకోండి. సూర్యోదయం అయిన అరగంటలోపు మొదలుపెట్టి, ఒక్కోచోట 15 నిమిషాలు నిలబడి లెక్కపెట్టండి, నెలకి రెండుసార్లు. లెక్కని పక్షుల వివరాలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే పాడవకుండా ఉంటుంది. ఎన్ని పిట్టలన్నది ఒక్కటే రాస్తే సరిపోదు. ఏది ఎక్కడ మేస్తోంది, ఎక్కడ నిద్రపోతోంది, ఎక్కడ గూడు కట్టింది అన్నది మ్యాప్ మీద చుక్క పెట్టాలి.

ఎగిరే దూరం. ఇది ఎవరైనా చేయగల చిన్న పరీక్ష. పిట్టల గుంపు వైపు మామూలుగా నడవండి. మొదటి పిట్ట లేచిన క్షణం ఆగి, దానికీ మీకూ ఉన్న దూరం కొలవండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పిట్టలతో ఇరవై ముప్పై సార్లు చేయండి. వచ్చినవాటిలో పెద్ద దూరానికి సగం కలపండి. మీ ట్రాక్‌కీ ఆ పిట్టలు మేసే చోటికీ మధ్య ఉండాల్సిన దూరం అదే. ఉదాహరణకి 40 మీటర్లు వస్తే 60 మీటర్లు వదలాలి.

నీళ్లు. నాలా కలిసేచోట, నడిమధ్య, అలుగు దగ్గర శాంపిళ్లు తీయండి. కరిగిన ఆక్సిజన్ తెల్లవారకముందు బాగా పడిపోతుంది, చేపలు చచ్చి తేలేదీ ఆ వేళకే. కాబట్టి మధ్యాహ్నం కొలిచి "బాగుంది" అనుకోవద్దు. చేపలకి, వన్యప్రాణులకి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన గీత ఇది: లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, పీహెచ్ 6.5 నుంచి 8.5, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాములకి మించకూడదు. నీళ్ల తేటదనం చూడటానికి 20 సెంటీమీటర్ల రేకు బిళ్ల మీద నలుపు తెలుపు పాయలు వేసి, తాడుతో దింపి, ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూస్తే చాలు.

మనుషులు. ఉదయం, సాయంత్రం ఎవరెవరు, ఎంతమంది, ఏ దారిన వస్తున్నారో లెక్కపెట్టండి. నడిచి నడిచి పడిన కాలిబాటల్ని మ్యాప్ మీద గీయండి. వల వేసేవాళ్లని, గేదెలు తోలుకొచ్చేవాళ్లని, బతుకమ్మ ఆడే ఆడవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడండి. చెరువు ఏ ఏడు తెగిందో, ఎక్కడ ఊట ఉందో వాళ్లకి తెలిసినట్టు ఏ రిపోర్టుకీ తెలియదు.

4. వచ్చే నీళ్లు బాగుపడకుండా ఒడ్డు ముట్టుకోవద్దు

మురుగు వస్తుండగా బెంచీలు వేస్తే వాసన చూడటానికి సీట్లు వేసినట్టే. వరస ఇలా ఉండాలి:

ముందు మురుగు పైపులు నాలాలో కలవకుండా మళ్లించి ఎస్‌టీపీకి (మురుగు శుద్ధి కేంద్రానికి) పంపాలి. తర్వాత చెత్త ఆపే జల్లెడ, దాని వెనక ఒండ్రు దిగే మీటరు, మీటరున్నర లోతు గుంట ఉండాలి. ఆ తర్వాత జమ్ము, తుంగ, కిక్కిస పెరిగే పలచటి మడి. అక్కడినుంచి నీళ్లు చెరువులోకి వెళ్తాయి.

మడి ఎంత పెద్దది కావాలి? ఒక లెక్క చేసి చూద్దాం. ఎస్‌టీపీలో శుద్ధి అయిన నీళ్లు రోజుకి 5 లక్షల లీటర్లు, అంటే 500 ఘనపు మీటర్లు వస్తున్నాయనుకోండి. మడిలో 3 రోజులు నిలవాలంటే 1,500 ఘనపు మీటర్ల చోటు ఉండాలి. లోతు 40 సెంటీమీటర్లయితే 3,750 చదరపు మీటర్లు. మొక్కల కాండాలూ వేళ్లూ పావు వంతు ఆక్రమిస్తాయి కాబట్టి 5,000 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరంపావు. పొడవు వెడల్పుకి కనీసం మూడింతలు ఉంచండి, లేకపోతే నీళ్లు అడ్డదారిన పోతాయి. ముడి మురుగుకి ఈ లెక్క అస్సలు పనికిరాదు.

పెద్ద వరద మడిలోకి రాకుండా పక్కనుంచి నేరుగా చెరువులోకి పోయే కాలువ కూడా గీయండి. ఇది మరిచిపోతే మొదటి గట్టి వానకే మడి మొత్తం కొట్టుకుపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. మురుగు మొత్తం ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని పట్టణ చెరువులు మార్చికల్లా ఎండిపోతాయి. ఏళ్ల తరబడి వాటిని నిండుగా ఉంచింది మురుగే మరి. అలాంటి చోట శుద్ధి చేసిన నీళ్లు తిరిగి చెరువుకే రావాలి. బెంగళూరు జక్కూర్ చెరువులో చేసింది ఇదే: ఎస్‌టీపీ నీళ్లు మొక్కల మడిలోంచి చెరువులోకి వస్తాయి. ఆ నీళ్ల మీద పరిశోధనలూ జరిగాయి, చేపలూ పడుతున్నారు, పొద్దున్నే జనం నడుస్తున్నారు. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి.

మడి కట్టే చోటే లేకపోతే తేలే మడులు వేయొచ్చు. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో అలాగే వేశారు. అవి సాయం చేస్తాయి కానీ నాలాలో వచ్చే మురుగుకి అవి మందు కావు.

5. ఒడ్డు వాలు, పూడిక, దీవి

శిఖం వైపు వాలు 1:8 నుంచి 1:10 ఉండాలి. అంటే 8, 10 మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగాలి. ఒడ్డు గీత వంకరటింకరగా ఉంటే మంచిది, చిన్న చిన్న మూలల్లో చేపపిల్లలు దాక్కుంటాయి. ఉల్లంకి పిట్టలకి జానెడు లోపు నీళ్లే కావాలి, అంతకంటే లోతైతే వాటికి కాళ్లు ఆనవు.

మొక్కల వరసలు ఎఫ్‌టీఎల్ నుంచి లెక్కించండి:

☐ మీటరు కిందివరకు: కలువ, తామర (తామర చెరువంతా పాకకుండా హద్దు పెట్టాలి)
☐ అరమీటరు కిందనుంచి ఎఫ్‌టీఎల్ దాకా: తుంగ, జమ్ము
☐ ఎఫ్‌టీఎల్ నుంచి అరమీటరు పైదాకా: గరిక, వట్టివేరు
☐ ఆపైన: చెట్లు

రాతి పేర్పు కట్ట లోపలి ముఖానికి, అలల తాకిడి ఉన్నచోట మాత్రమే. శిఖంలో రాయి వేయొద్దు.

పూడిక అంతటా సమానంగా తీయించొద్దు. కట్ట వైపు లోతు చేయండి, శిఖం వైపు ముట్టుకోకండి. తవ్వే ముందు గుంటలు తీసి చూస్తే ఒండ్రు ఎక్కడ ఆగి గట్టి బంకమన్ను ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ఆ బంకమన్ను పొర పగిలితే నీళ్లు నిలవవు. కట్ట అడుగుకి ఎంత దూరంలో ఆపాలన్నది నీటిపారుదల ఇంజినీరు రాసివ్వాల్సిన అంకె, మనం ఊహించేది కాదు. తీసిన ఒండ్రుని పరీక్ష చేయించాకే రైతుల పొలాలకి పంపండి. ఫ్యాక్టరీల నీళ్లు వచ్చిన చెరువైతే అసలు పంపొద్దు.

దీవి పెడితే దాని చుట్టూ ఏప్రిల్‌లో కూడా మీటరు లోతు నీళ్లుండేలా చూడండి. లేకపోతే కుక్కలు నడిచి వెళ్లి గూళ్లు ఖాళీ చేస్తాయి. దీవి మీద నల్లతుమ్మ వేయండి. దీవికి వంతెన వేద్దామనే ప్రతిపాదన తప్పకుండా వస్తుంది. ఒప్పుకోవద్దు.

6. ఎవరికి ఏ చోటు

ఇప్పటిదాకా వేసిన గీతలన్నీ ట్రేసింగ్ షీట్ల మీద ఒకదానిపై ఒకటి పెట్టండి: నీటి అంచులు, పిట్టల చుక్కలు, కాలిబాటలు. దాదాపు ప్రతి చెరువులో తానుగానే ఒక నిశ్శబ్దపు వైపు కనిపిస్తుంది, ఎక్కువగా అది కట్టకి ఎదురుగా ఉండే శిఖమే.

దాన్నిబట్టి మూడు భాగాలు చేయండి.

ఎవరూ వెళ్లని చోటు. ఒడ్డు పొడవులో సగానికి తగ్గకూడదన్నది నా సొంత కొలత, బేరానికి దిగితే మూడో వంతు. కంచె కంటే తడి నేల, ముళ్ల పొదలు బాగా ఆపుతాయి.

చూసి రానిచ్చే చోటు. విద్యార్థులు, లెక్కలు రాసేవాళ్లు, మనిషి వెంట ఉంటే బడిపిల్లలు.

అందరి చోటు. కట్ట, రోడ్డు వైపు ఒడ్డు. ఆటస్థలం, జిమ్, టాయిలెట్లు, చాయ్ బండి అన్నీ ఇక్కడే, ఒకచోట దగ్గరదగ్గరగా.

ఢిల్లీ యమునా జీవవైవిధ్య పార్కులో ఇలాగే సందర్శకుల భాగం వేరు, ప్రకృతికి వదిలిన భాగం వేరు. అక్కడ విశ్వవిద్యాలయం పరిశోధకులే మొదటినుంచీ డిజైన్‌లో కూర్చున్నారు. అధికారుల్ని ఒప్పించాలంటే ముందు ఆ మ్యాప్ చూపించండి, మాటల కంటే అది తొందరగా పనిచేస్తుంది.

7. ట్రాక్, మంచె, లైట్లు

చెరువు చుట్టూ ట్రాక్ పూర్తిగా తిప్పకండి. ఈ మొత్తం గైడులో ఒక్క వాక్యం గుర్తుంచుకోమంటే ఇదే చెప్తాను. గుర్రపు నాడా ఆకారంలో వెళ్లి, రెండు కొసల్లో వెనక్కి తిరిగేలా, లేదా నిశ్శబ్దపు వైపు బఫర్ బయటి రోడ్డు మీదుగా కలిసేలా గీయండి. "రౌండ్ పూర్తవ్వాలి సార్, వాకర్స్ ఒప్పుకోరు" అంటారు. ట్రాక్ పక్కన ప్రతి 100 మీటర్లకి ఒక రాయి పాతండి. ఎంత నడిచామో తెలిస్తే చాలామంది రౌండ్ గొడవ వదిలేస్తారు.

☐ వెడల్పు 2 నుంచి 2.5 మీటర్లు. కట్ట మీద అయితే శాఖ వాహనం వెళ్లే దారి తగ్గించకూడదు
☐ పైపొర రాతిపొడి కలిపి రోలర్ తొక్కించిన మొరం. టైల్స్ ఎండకి కాలుతాయి, వానకి జారతాయి
☐ వాలు చెరువు వైపు కాకుండా బయటి గడ్డి కాలువ వైపు
☐ ర్యాంప్ 1:12 కంటే నిటారుగా ఉండకూడదు, 1:20 అయితే వీల్‌చైర్‌లో సొంతంగా వెళ్లగలరు
☐ కట్ట మీద, కట్ట వాలు మీద చెట్లు నాటొద్దు. వేరు కుళ్లితే ఆ సందులోంచి నీరు దారి చేసుకుంటుంది

పక్షుల్ని చూడటానికి పొలంలో వేసుకునే మంచెలాంటిది ఒక్కటి చాలు. ఎత్తు అక్కర్లేదు. ముందు తాటాకు తడికె కట్టి కంతలు రెండు ఎత్తుల్లో పెట్టండి: 90 సెంటీమీటర్ల దగ్గర పిల్లలకి, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి, 140 దగ్గర పెద్దవాళ్లకి. ఎక్కువమంది వచ్చేది పొద్దున కాబట్టి మంచె తూర్పు ఒడ్డున ఉండి పడమటికి చూడాలి. సూర్యుడు వీపు వెనక ఉంటేనే పిట్ట రంగు కనిపిస్తుంది. మంచెకి వెళ్లే దారి పక్కన కూడా తడికె ఉండాలి, లేకపోతే మనిషి మంచె చేరేలోపే పిట్టలు లేచిపోతాయి.

లైట్లు మోకాలి ఎత్తులో, కిందికే పడేలా, 3,000 కెల్విన్ లోపు పసుపు వెలుగుతో. రాత్రి 9 తర్వాత ఆపేయాలి. నిశ్శబ్దపు వైపు ఒక్కటీ వద్దు. రంగుల ఫౌంటెన్, పాటల స్పీకర్లు అడుగుతారు. ఆ డబ్బుతో మంచి టాయిలెట్ కట్టించండి, ఎఫ్‌టీఎల్ బయట, డ్రైనేజీ కనెక్షన్‌తో.

పండగల్ని డిజైన్‌లోనే పెట్టుకోండి. బతుకమ్మ మెట్లు అందరి చోటులో, నాలా నోటికి దూరంగా ఉండాలి. పూలు తీసేందుకు వల అమర్చే కొక్కేలు ముందే పెట్టించండి. వినాయకులకి విడిగా నిమజ్జన కుంట తవ్వాలి. చోటు చూపించకపోతే జనం వాళ్లకి తోచినచోట దిగుతారు, తప్పు వాళ్లది కాదు.

8. పరిశోధనని నేలలోనే పాతండి

చాలా ప్లాన్లలో పరిశోధన అంటే చివర్లో ఒక గది, గోడ మీద పక్షుల పోస్టరు. గది అవసరమే, 3×4 మీటర్లది, ఒక సింకు, బల్ల, తాళం వేసే బీరువా ఉంటే చాలు. అసలు పని బయట ఉంది.

☐ తూము దగ్గర ఎఫ్‌టీఎల్‌ని సున్నాగా పెట్టి రంగులేసిన నీటిమట్టం కొలబద్ద
☐ పక్షుల లెక్కకి నిలబడే 5, 6 చోట్ల నంబరు రాళ్లు, వాటి జీపీఎస్ వివరాలు
☐ ఫోన్ పెట్టి ఎప్పుడూ ఒకే కోణంలో ఫొటో తీసేలా ఇనుప చట్రాలు రెండు మూడు
☐ కదపకూడని 10×10 మీటర్ల చెట్ల చదరాలు, 1×1 మీటరు గడ్డి చదరాలు

మొక్కలు నాటడాన్నే ప్రయోగంగా మార్చొచ్చు. మూడు రకాల మిశ్రమాలు అనుకోండి: స్థానిక చెట్లు పలచగా, అవే చెట్లు ఒత్తుగా, చెట్లు లేకుండా గడ్డి పొదలు. ఒక్కోటి మూడుసార్లు చొప్పున 9 ప్లాట్లు, ఒక్కో ప్లాటు 10×10 మీటర్లు. ఏ ప్లాటులో ఏది అన్నది చీటీలు తీసి తేల్చండి. ఒక్కో మిశ్రమాన్ని ఒక్కచోటే వేస్తే, వచ్చిన తేడా మొక్కల వల్లా నేల వల్లా అన్నది ఎప్పటికీ తెలియదు. అదే నేల మీద జనం నడుస్తూ బోర్డు చదువుకుంటారు, సీతాకోకలు మాత్రం తమకి నచ్చిన ప్లాటుకే వెళ్తాయి.

దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఒక అధ్యాపకుడి ఉత్సాహం మీద ఆధారపడితే ఆయన బదిలీతో అంతా ఆగిపోతుంది. నవంబర్‌లో సలీం అలీ బర్డ్ కౌంట్, జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఎలాగూ జరుగుతాయి, మీ తేదీల్ని వాటితో కలపండి. చెట్లు ఎప్పుడు పూశాయో, కాశాయో రాయడానికి బడిపిల్లలకి సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది.

9. మొక్కలు

కట్టకి దూరంగా ఉన్న నేలకి తెల్లమద్ది, నేరేడు, కానుగ, గంగరావి, మేడి, జువ్వి, ఈత, వావిలి. కోనోకార్పస్, సుబాబుల్ వద్దు, ఎంత త్వరగా పెరుగుతాయని చెప్పినా సరే. కావాల్సిన మొక్కలు నర్సరీలో ఏడాది ముందు చెప్పి పెంచుకోవాలి. జూన్‌లో వెళ్తే వాళ్ల దగ్గర ఉన్నవే మీ డిజైన్ అవుతాయి. గుంతలు మేలో తీసి, రెండు మంచి వానలు పడ్డాక నాటండి.

సర్కారుతుమ్మ (బయటినుంచి వచ్చి అంతటా పాకే ముళ్లచెట్టు) ఉంటే నరకడానికి తొందరపడొద్దు. ముందు గూళ్లు చూడండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరేది ఊరచెరువులోని తుమ్మచెట్ల మీదకే. ఒకేసారి నరికితే వాటికి ఇల్లుండదు. ఏడాదికి ఒక పట్టీ చొప్పున తీసి, ఆ చోట నాటిన నల్లతుమ్మ ఎదిగాక తర్వాతి పట్టీకి వెళ్లండి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, మొదలుని నేల లోపలినుంచి తవ్వి తీయాలి. జోధ్‌పూర్ రావ్ జోధా పార్కులో రాతి నేలలో పాతుకున్న ఈ చెట్ల మొదళ్లని గని కార్మికులు ఉలితో రాయి తొలిచి తీశారు. మన చెరువు మట్టిలో అంత కష్టం లేదు.

10. పనుల వరస

మురుగు మళ్లింపు అన్నిటికంటే ముందు, అది ఏ నెలలోనైనా చేయొచ్చు. మట్టి పని ఫిబ్రవరి చివరినుంచి మే దాకా. యంత్రం దించే ముందు ఉదయం ఒకసారి నేలంతా నడిచి తీతువు గుడ్లున్నాయేమో చూడండి, అవి గులకరాళ్లలో కలిసిపోయి ఉంటాయి. జూన్, జులైలో నాటడం. ట్రాక్ పైపొర ఒక వానాకాలం గడిచాకే వేయాలి. కొత్త మట్టి కుంగాల్సినంత కుంగిపోతుంది, నీళ్లు నిజంగా ఎటు పోతున్నాయో అప్పుడు తెలుస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు నీళ్ల దగ్గర యంత్రాలు వద్దు.

టెండర్‌లో మూడేళ్ల నిర్వహణని విడి ఐటెమ్‌గా రాయండి: మడి కోత, కలుపు, మొక్కలకి నీళ్లు, జల్లెడ శుభ్రం, కావలి మనిషి జీతం. "నిర్వహణ కాంట్రాక్టరుదే" అన్న ఒక్క లైను రాసి వదిలేస్తే ఎవరూ రారు.

11. తర్వాత వచ్చే సమస్యలు

నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారాయి. ఎరువు ఎక్కువైంది, ఎక్కడో మురుగు కలుస్తోంది. పొడులు చల్లే కంపెనీని పిలిచేముందు నాలాల వెంట మళ్లీ నడవండి. మడిలో జమ్ముని ఏడాదికోసారి కోసి బయటికి తీశారా? కోయకపోతే అది కుళ్లి, పీల్చిందంతా తిరిగి నీళ్లలోకే వదులుతుంది.

గుర్రపుడెక్క వచ్చింది. ఒక్క మొక్క కనిపించిన రోజే తీసేయండి. కమ్మేశాక యంత్రం పెట్టి తీసినా, ఒడ్డున కుప్పపోస్తే మొదటి వానకి మళ్లీ చెరువులోనే ఉంటుంది.

దోమలు. ముందు గుర్రపుడెక్క, ఒడ్డున నిలిచిన మురుగు గుంటలు, పారేసిన కప్పులు, కొబ్బరి బోండాలు చూడండి. దోమ పిల్లల్ని తినే గంబూజియా చేపలు వదలడం సులువే, కానీ అవి కప్పల పిల్లల్నీ మన చిన్న చేపల పిల్లల్నీ కూడా తింటాయి. మన పరకల్లాంటి చిన్న చేపలు ఉండగా అవి ఎందుకు?

జనం గడ్డి తొక్కి అడ్డదారి చేశారు. మీరు గీసిన దారి తప్పు. ముళ్లకంచె పెట్టకుండా ఆ అడ్డదారినే మొరంతో దారిగా చేయండి. నిశ్శబ్దపు వైపు అయితే మాత్రం ఆ అడ్డదారి మొదలయ్యే చోట ఈత, వావిలి ఒత్తుగా నాటి మూసేయండి.

బ్రెడ్డు, మరమరాలు. చేపలకి, బాతులకి వేసేది పుణ్యమనుకునే వేస్తారు. "వేయరాదు" అన్న బోర్డు ఎవరూ చదవరు. కావలి మనిషి మాట, పక్కనే గింజలు వేసుకునే పావురాల గట్టు ఒకటి దూరంగా చూపించడం కొంత పనిచేశాయి, పూర్తిగా కాదు.

పిట్టలు తగ్గాయి. కంగారు పడకుండా కొలబద్ద చూడండి. నీళ్లు నిండుగా ఉన్న ఏడు శిఖం మొత్తం లోతుగా ఉంటుంది, ఉల్లంకులకి మేత దొరకదు, అవి పక్క ఊరి చెరువుకి వెళ్తాయి. నీళ్లు దిగగానే వస్తాయి. మట్టం తక్కువగా ఉండి కూడా రాకపోతే అప్పుడు కుక్కలు, లైట్లు, కొత్త దారి ఏమైనా పడిందేమో వెతకండి.

మొదటి పెద్ద వాన పడిన రోజు గొడుగు, టార్చి పట్టుకుని మీరే వెళ్లండి. ముందు నాలా జల్లెడ దగ్గర, తర్వాత మడి పక్క కాలువ దగ్గర, చివరికి అలుగు దగ్గర నిలబడండి. అలుగు పారడం మొదలైన నిమిషానికి కొలబద్ద సున్నా చూపిస్తోందా? లేకపోతే ఎన్ని సెంటీమీటర్లు తేడా ఉందో రాసుకోండి. ఆ అంకె మీ డ్రాయింగులన్నిటినీ దిద్దుతుంది.